జడత్వం ఎక్కడినుంచి వస్తుంది సార్?

సభకు నమస్కారం. అధ్యక్షులవారికి, ఈ గ్రంథాలయాన్ని ఇన్నేళ్లుగా కాపాడుకొస్తున్న కమిటీ పెద్దలకు, వానలో తడుస్తూ వచ్చిన తల్లిదండ్రులకు, ముందు చాపల మీద సర్దుకుని కూర్చున్న పిల్లలకు పేరుపేరునా నమస్కారం. నాకిచ్చిన అంశం ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లీకర్ జీవితం, కృషి. నలభై నిమిషాలు మాట్లాడమన్నారు. పుట్టుక, చదువు, సిద్ధాంతం, సంస్థ, అవార్డులు అని ఐదు భాగాలు చేసి కాగితం మీద రాసుకొచ్చాను. ఆ వరసలోనే వెళ్లాలని నా ప్రయత్నం.

ఇవాళ జులై 19. 1938లో ఇదే రోజున కొల్హాపూర్‌లో ఆయన పుట్టారు. 2025 మే 20న పుణెలో, నిద్రలోనే వెళ్లిపోయారు. 86 ఏళ్లు. ఆ మర్నాడు నేను చూసిన పత్రికల్లో ఆయన పేరు పక్కన ఒకటే మాట: బిగ్ బ్యాంగ్‌ను ఒప్పుకోని శాస్త్రవేత్త. బిగ్ బ్యాంగ్ అంటే విశ్వం ఒక మహావిస్ఫోటంతో మొదలైందనే సిద్ధాంతం. నిజమే, ఒప్పుకోలేదు. కానీ ఒక మనిషి గురించి చెప్పమంటే, ఫలానా పెళ్లికి వెళ్లలేదని చెప్పి ఊరుకున్నట్టుంది అది. ఆయన కాదన్నదేమిటో అందరూ చెబుతున్నారు. ఇది ఇలా ఉండొచ్చు అని ఆయన ముందుకు తెచ్చిందేమిటో ఎవరూ చెప్పడం లేదు. నాకు బాధ కలిగేది అక్కడే.

పిల్లలూ, మీలో బస్సులో స్కూలుకి వెళ్లేవాళ్లు చేతులెత్తండి. సరే, దించండి. డ్రైవరు సడన్‌గా బ్రేకు వేస్తే ఏమవుతుంది? ముందుకు తూలతాం. ఎందుకు? ఎవరో వెనకనుంచి "జడత్వం" అన్నారు. శభాష్. మరి ఆ జడత్వం ఎందుకుంది? కదిలే వస్తువుకి కదులుతూనే ఉండాలని ఎందుకంత పట్టు?

ఇప్పుడెవరూ మాట్లాడటం లేదు. మీ తప్పేం లేదమ్మా. మీ పుస్తకంలో ద్రవ్యరాశి ఎక్కువైతే జడత్వం ఎక్కువ అని ఉంటుంది. ద్రవ్యరాశి అంటే ఏమిటని వెతికితే జడత్వానికి కొలత అని ఉంటుంది. గానుగెద్దులాగా అక్కడక్కడే తిరుగుతాం.

ఇక్కడ నా కాగితం కాసేపు పక్కన పెడతాను. ఒక మాట చెప్పుకోవాలి. ఆ మాట కోసమే ఈ సభకు వస్తానన్నాను.

నేను ఇంటర్మీడియట్ చదివేటప్పుడు ఇదే ప్రశ్న మా లెక్చరర్‌ను అడిగాను. "పరీక్షలో వచ్చేది అడుగు, కూర్చో" అన్నారు. కూర్చున్నాను. తర్వాత నేనూ ఫిజిక్సు లెక్చరర్‌నయ్యాను. ఇరవై ఏళ్లు గడిచాయి. ఎంసెట్ ముంచుకొస్తోంది, సిలబస్ మిగిలిపోయింది, నేను బోర్డు మీద పరుగులు పెడుతున్నాను. రెండో బెంచీలో ఒక అమ్మాయి లేచింది. "జడత్వం ఎక్కడినుంచి వస్తుంది సార్?" అని అడిగింది.

నా నోట్లోంచి అదే మాట వచ్చింది. అక్షరం పొల్లుపోకుండా అదే. "పరీక్షలో వచ్చేది అడుగు, కూర్చో."

ఆ అమ్మాయి పెన్నుకు క్యాప్ పెట్టింది. నీలం క్యాప్. నోట్సు మూయలేదు, తల దించుకోలేదు, క్యాప్ మాత్రం టిక్కుమని పెట్టేసింది. ఆ ఏడాదంతా మళ్లీ ఏ ప్రశ్నా అడగలేదు. మార్కులు బాగానే వచ్చాయి.

ఇంకొన్నేళ్లకు నార్లీకర్‌గారి పుస్తకం ఒకటి నా చేతికొచ్చింది. నేను ఏ ప్రశ్నకైతే నోరు మూయించానో, ఆ ప్రశ్న మీద ఇద్దరు మనుషులు ఏకంగా ఒక గురుత్వాకర్షణ సిద్ధాంతమే కట్టారని అప్పుడు తెలిసింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆ సిద్ధాంతమేమిటో చెబుతాను. లెక్కలు లేకుండానే చెబుతాను, భయపడకండి.

నీళ్లు నింపిన బకెట్‌ను తాడుకు వేలాడదీసి, తాడును బాగా మెలిపెట్టి వదలండి. బకెట్ గిర్రున తిరుగుతుంది. కాసేపటికి నీళ్లూ తిరుగుతాయి. మధ్యలో గుంట పడి, అంచుల వెంబడి పైకి ఎగబాకుతాయి. తాము తిరుగుతున్నామని ఆ నీళ్లకెలా తెలిసింది? దేనితో పోల్చి చూసుకున్నాయి? బకెట్‌తో అనడానికి లేదు, ఎందుకంటే నీళ్లూ బకెట్టూ ఇప్పుడు కలిసే తిరుగుతున్నాయి. న్యూటన్ ఏమన్నాడంటే, ఎప్పటికీ కదలని ఖాళీ స్థలం ఒకటుంది, దానితో పోల్చి అన్నాడు. 19వ శతాబ్దంలో ఎర్నెస్ట్ మాక్ అనే భౌతిక శాస్త్రవేత్త అది కుదరదన్నాడు. ఖాళీతో పోలికేమిటి, దూరాన ఉన్న నక్షత్రాలన్నిటితో పోల్చి అన్నాడు. బస్సు బ్రేకు వేసినప్పుడు మీరు తూలడానికీ, ఆకాశంలో కనిపించీ కనిపించని నక్షత్రాలకీ సంబంధం ఉందని ఆయన ఊహ. ఐన్‌స్టీన్‌కు ఈ ఆలోచన ఎంతో నచ్చింది. మాక్ సూత్రం అని పేరు పెట్టిందీ ఆయనే. అయితే ఆయన సమీకరణాల్లో అది పూర్తిగా ఇమడలేదు. ఏమీ లేని విశ్వంలో ఒక్క కణాన్ని పెట్టినా దానికి జడత్వం ఉండిపోతుంది.

1964లో ఇంగ్లండు ఖగోళ శాస్త్రవేత్త ఫ్రెడ్ హోయిల్, ఆయన శిష్యుడు నార్లీకర్ కలిసి ఆ ఖాళీని పూరించబోయారు. ఏ కణానికైనా ద్రవ్యరాశి దాని సొంత ఆస్తి కాదు, విశ్వంలోని మిగతా కణాలన్నీ తలా కాస్త వేస్తే సమకూరిన చందా అన్నారు. మిగతావన్నీ తీసేస్తే ఆ ఒక్క కణానికి ద్రవ్యరాశే ఉండదు. కణాలు లెక్కకు మిక్కిలిగా ఉన్నప్పుడు ఈ సమీకరణాలు ఐన్‌స్టీన్ సమీకరణాలుగా మారతాయి. పైగా గురుత్వం ఎప్పుడూ లాగడమే తప్ప నెట్టదెందుకు అన్నదానికీ అందులో జవాబు వస్తుంది. అప్పటికి నార్లీకర్ వయసు 26 నిండలేదు.

ఇప్పుడు వెనక్కి వెళ్లి పుట్టుక, చదువు చెప్పాలి. తండ్రి విష్ణు వాసుదేవ్ నార్లీకర్ బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో గణితశాస్త్ర ఆచార్యులు. తల్లి సుమతిగారు సంస్కృత విదుషి. ఇవన్నీ ఎక్కడైనా దొరుకుతాయి. నాకు ముఖ్యమైంది వాళ్లింట్లో గోడ మీది నల్లబల్ల. మేనమామ మోరేశ్వర్ హుజూర్‌బజార్ ఎమ్మెస్సీ చదువుకోవడానికి వచ్చి వాళ్లింట్లో ఉండేవారు. ఆయన ఆ బల్ల మీద ఒక లెక్క వేసి, ఇది జేవీఎన్‌కు సవాలు అని పైన రాసేవారు. జేవీఎన్ అంటే జయంత్ విష్ణు నార్లీకర్. మేనల్లుడు చేసేదాకానో, చేతులెత్తేసేదాకానో ఆ లెక్క అక్కడ అలాగే ఉండేది. ఎవరూ తుడిచేవారు కాదు. ఒక్కసారి ఊహించుకోండి. పొద్దున పాలు తాగి వస్తుంటే లెక్క. రాత్రి పడుకోబోతుంటే లెక్క. దానికి మార్కులు లేవు, గడువు లేదు. తల్లిదండ్రులారా, మీ ఇంట్లో టీవీ ఉన్న గోడకు ఎదుటి గోడ ఖాళీగానే ఉంటుంది కదా? ఒక నల్లబల్లకు చోటుండదా?

బనారస్‌లో 1957లో బీఎస్సీ అయ్యాక కేంబ్రిడ్జి వెళ్లారు. అక్కడ హోయిల్ దగ్గర పరిశోధన మొదలుపెట్టిన కొత్తలోనే పెద్ద గొడవలో చిక్కుకున్నారు. హోయిల్‌ది స్థిరస్థితి సిద్ధాంతం. విశ్వానికి మొదలూ లేదు, చివరా లేదు, విస్తరించే కొద్దీ కొత్త పదార్థం పుడుతుంటుంది అని. 1961లో అదే కేంబ్రిడ్జిలోని ఖగోళ శాస్త్రవేత్త మార్టిన్ రైల్, తన రేడియో టెలిస్కోపు లెక్కలతో ఆ సిద్ధాంతం చెల్లదని ప్రకటించాడు. లండన్‌లో రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీలో జవాబు చెప్పాల్సిన రోజున హోయిల్‌కు వేరే పని పడింది. చేరి ఏడాది కూడా నిండని శిష్యుణ్ణి పంపించాడు. గురువు పేరు మోస్తూ, నిండు సభలో, రైల్‌లాంటి ఉద్దండుడి ఎదుట ఆ కుర్రవాడు లేచి నిలబడి లెక్క చెప్పాడు. మన దగ్గర ఎంతమంది గురువులు అలా పంపగలరు? గట్టిగానే అడుగుతున్నాను.

ఇక హాకింగ్ కథ. ఇది మీలో చాలామంది వినే ఉంటారు. 1964 జూన్‌లో రాయల్ సొసైటీలో హోయిల్ ఈ కొత్త గురుత్వ సిద్ధాంతాన్ని వినిపించాడు. చివర్లో 22 ఏళ్ల స్టీఫెన్ హాకింగ్ లేచి, మీరు చెబుతున్న రాశి అనంతమైపోతుంది అన్నాడు. కాదన్నాడు హోయిల్. అవుతుందన్నాడు హాకింగ్. నీకెలా తెలుసు అంటే, నేను లెక్క కట్టాను అన్నాడు. సభలో నవ్వులు. హోయిల్‌కు కోపమొచ్చింది.

ఈ కథను అందరూ కుర్ర హాకింగ్ పెద్ద హోయిల్‌ను ఓడించిన కథగా చెబుతారు. అందులో మూడో మనిషిని వదిలేస్తారు. ఆ లెక్కలు హాకింగ్‌కు ముందే ఎలా తెలిశాయి? పక్క గదిలోని నార్లీకర్ చూపించాడు కాబట్టి. అచ్చుకాని కాగితాలు, ఇంకా తేలని లెక్కలు, అడిగినవాడికి దాచకుండా ఇచ్చాడు. వాళ్లిద్దరూ అంతకుముందే ఒక వేసవి శిబిరంలో కలుసుకున్నారు. అక్కడ నార్లీకర్ పాఠం చెబితే హాకింగ్ కూర్చుని విన్నాడు. హాకింగ్ కేంబ్రిడ్జికి వచ్చింది కూడా హోయిల్ దగ్గర చేరాలనే. చోటు దొరకలేదు. 1966 నాటి హాకింగ్ పీహెచ్‌డీ గ్రంథం తెరిస్తే, మొదటి అధ్యాయమే హోయిల్-నార్లీకర్ సిద్ధాంతం మీద విమర్శ. ఒక సిద్ధాంతం తప్పని లెక్క కట్టి చూపించడానికి కూడా, ముందు దాన్ని ఎవరో లెక్కకు అందేలా రాసి ఉండాలి. నార్లీకర్ రాశారు. నాకు ఇందులో ఓటమి ఎక్కడా కనిపించదు.

1965లో పెన్జియాస్, విల్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఆకాశమంతటినుంచీ వస్తున్న సూక్ష్మతరంగాలను కనిపెట్టినట్టు ప్రకటించారు. అవి బిగ్ బ్యాంగ్ నాటి వేడి తాలూకు మిగులు అన్నారు. స్థిరస్థితి సిద్ధాంతానికి అది పెద్ద దెబ్బ. అదే ఏడాది మన ప్రభుత్వం 26 ఏళ్ల నార్లీకర్‌కు పద్మభూషణ్ ఇచ్చింది. దేశమంతా పొగుడుతున్న రోజుల్లోనే ఆయన నమ్ముకున్న పునాది కదిలింది. దీన్ని దాచి మాట్లాడటం నాకిష్టం లేదు. 1993లో హోయిల్, జెఫ్రీ బర్బిడ్జ్‌లతో కలిసి ఆయన మార్చిన రూపం తెచ్చారు. అంతరిక్షంలో సన్నటి ఇనుప సూదుల్లాంటి ధూళి ఉండి, నక్షత్రాల వెలుగును మింగి సూక్ష్మతరంగాలుగా వదులుతోందన్నారు. ఆ సూదుల వాదన నాకెప్పుడూ మింగుడు పడలేదు. సాక్ష్యం బిగ్ బ్యాంగ్ వైపే ఉందని నా అభిప్రాయం. కానీ ఒకటి చూడండి. పాత స్థిరస్థితి సిద్ధాంతంలో విశ్వం వేగం పుంజుకుంటూ విస్తరించాలి. అందరూ అది మందగిస్తోందనుకుంటున్న కాలమది. 1998లో సూపర్‌నోవాలను, అంటే పేలిపోయే నక్షత్రాలను, కొలిచి చూస్తే నిజంగానే వేగం పుంజుకుంటోందని తేలింది. కారణం వేరే చెబుతున్నారు, సరే. ఆ మాట ముందు అన్నదెవరో చెప్పడానికేం?

టైమైందని అధ్యక్షులవారు చూపిస్తున్నారు. అవార్డుల భాగం వదిలేస్తాను. సంస్థ గురించి రెండు మాటలు చెప్పనివ్వండి.

1972లో ఆయన కేంబ్రిడ్జి వదిలి ముంబైలోని టాటా పరిశోధన సంస్థ టీఐఎఫ్‌ఆర్‌కు వచ్చేశారు. 1988లో పుణెలో అయుకా అనే ఖగోళ పరిశోధన కేంద్రం పెట్టారు. మారుమూల కాలేజీలో ఫిజిక్సు చెప్పుకునేవాడు కూడా వెళ్లి, అక్కడి లైబ్రరీలో కూర్చుని, పెద్దవాళ్లతో సమానంగా పని చేసుకునేలా దాన్ని కట్టారు. తన సిద్ధాంతాన్ని ఒప్పుకోనివాళ్లను కూడా తెచ్చి పెట్టుకున్నారు. బిగ్ బ్యాంగ్ మీద పనిచేసేవాళ్లకు ఆ గోడల మధ్య ఏ లోటూ లేదు.

మన హైదరాబాదుతోనూ ఆయనకు లంకె ఉంది. 2005 ఏప్రిల్‌లో ఇక్కడి టీఐఎఫ్‌ఆర్ బెలూన్ కేంద్రం నుంచి ఆయన నేతృత్వంలో, అంత పైన సూక్ష్మజీవులున్నాయేమో చూద్దామని, ఒక పెద్ద బెలూన్‌ను 41 కిలోమీటర్ల ఎత్తుకు పంపారు. దానికి కట్టిన స్టీలు గొట్టాల్లో పైగాలి పట్టుకొచ్చారు. మన జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో, పుణెలో పరీక్షిస్తే మూడు కొత్త బ్యాక్టీరియా జాతులు దొరికాయి. ఒకదానికి ఆర్యభట్ట పేరు, ఒకదానికి ఇస్రో పేరు, మూడోదానికి హోయిల్ పేరు పెట్టారు. అప్పటికి హోయిల్ పోయి ఎన్నో ఏళ్లయింది.

ఎన్‌సీఈఆర్‌టీ పాత సైన్సు, లెక్కల పుస్తకాలు మీ దగ్గరుంటే మొదటి పేజీల్లో సలహా సంఘం అధ్యక్షుడి పేరు చూడండి. నార్లీకర్ అని ఉంటుంది. నేను క్లాసులో ఆ అమ్మాయిని కూర్చోబెట్టిన మాట గుర్తొస్తే, ఆ పేజీ తిప్పడానికి నాకు చెయ్యి రాదు.

పిల్లలు ఆటోగ్రాఫ్ కోసం చుట్టుముడితే ఆయన ఊరికే సంతకం పెట్టేవారు కాదు. ఒక పోస్టుకార్డు మీద నీకు తోచిన ప్రశ్న రాసి పంపు, జవాబు రాసి కింద సంతకం పెడతాను అనేవారు. అలా ఎన్నో కార్డులకు జవాబులు రాశారు. అంతటి మనిషి, సంస్థ నడుపుతూ, కూర్చుని ఒక్కొక్క కార్డు.

నేను ఇవాళ ఒక కట్ట పోస్టుకార్డులు తెచ్చాను. ఆ తలుపు పక్కన బల్ల మీద ఉన్నాయి, నా చిరునామా ముందే రాసి పెట్టాను. ఒక్కొక్కరు ఒకటి తీసుకోండి. నాకు తెలిసిందైతే నేను రాస్తాను, తెలియకపోతే తెలిసినవాళ్లను అడిగి రాస్తాను. ఆ రెండో బెంచీ అమ్మాయి ఎక్కడుందో నాకు తెలియదు. ఈ సభ సంగతి ఎవరైనా చెబితే, ఆమెక్కూడా ఒకటి ఇవ్వండి. వెళ్లేటప్పుడు తోసుకోకండి నాన్నా, కార్డులు అందరికీ సరిపోతాయి. మీ అడ్రసు, పిన్‌కోడ్‌తో సహా, స్పష్టంగా రాయండి.