ఆల్విన్ ఎక్కడున్నాడు? – మోర్మన్ల ఆత్మ లోకం

అందరికీ నమస్కారం.

ఒక చావు కబురుతో మొదలుపెడతాను, ఏమీ అనుకోకండి. ఇవాళ మనం మాట్లాడుకునేదంతా ఆ చావు దగ్గరే మొదలైంది.

1823 నవంబరు. అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రం, పామైరా అనే ఊరి పక్కన ఒక రైతు కుటుంబం. అప్పులతో నెట్టుకొస్తున్న ఇల్లు. పెద్దకొడుకు ఆల్విన్ స్మిత్‌కి పాతికేళ్ళు. అమ్మానాన్నలు ముసలితనంలో సుఖంగా ఉండాలని వాళ్ళ కోసం ఒక కొత్త ఇల్లు కడుతున్నాడు. ఉన్నట్టుండి కడుపునొప్పి వచ్చింది. వచ్చిన వైద్యుడు కాలోమెల్ అనే పాదరసపు మందు ఇచ్చాడు. నాలుగు రోజులు విలవిల్లాడి, నవంబరు 19న ఆల్విన్ చనిపోయాడు. ఇల్లు సగంలోనే ఉంది.

అంత్యక్రియల్లో మాట్లాడిన పాస్టరు, ఆల్విన్ ఏ చర్చిలోనూ చేరలేదు కాబట్టి నరకానికే పోయి ఉంటాడన్నట్టు మాట్లాడాడని తమ్ముడు విలియం చాలా ఏళ్ళ తర్వాత గుర్తు చేసుకున్నాడు. ఆ తండ్రికి అది మింగుడు పడలేదు. ఎవరికైనా ఎలా పడుతుంది? ఆ శవపేటిక పక్కన ఇంకో తమ్ముడు కూడా ఉన్నాడు. అతనికి పదిహేడేళ్ళు. పేరు జోసెఫ్ స్మిత్. ఏడేళ్ళ తర్వాత, 1830 ఏప్రిల్ 6న, అతనే ఒక కొత్త సంఘాన్ని స్థాపించాడు. లోకం వాళ్ళని మోర్మన్లు అంటుంది. తమని ఆ పేరుతో పిలవొద్దని, 'కడవరి-దిన పరిశుద్ధుల యేసు క్రీస్తు సంఘం' అని పూర్తి పేరుతో పిలవమని 2018 నుంచి వాళ్ళు గట్టిగా అడుగుతున్నారు. ఈ సాయంత్రం అర్థం కావడానికి మాత్రమే పాత పేరు వాడుతున్నాను. నేను ఆ సంఘ సభ్యుణ్ణి కాను. వాళ్ళ చరిత్రను ఇష్టంగా చదువుకున్నవాణ్ణి.

చదివిన కొద్దీ నాకు బలంగా అనిపించింది ఒక్కటే. చచ్చిపోయినవాళ్ళు ఎక్కడుంటారనే విషయం మీద వాళ్ళకు ఒక పెద్ద సిద్ధాంతం ఉంది. కానీ అది పండితులు కూర్చుని రాసుకున్నది కాదు. ఒక్కో సమాధి దగ్గర ఒక్కో ముక్క పుట్టింది.

ముందు ఆ లోకం ఎలా ఉంటుందంటారో చెప్పాలి. మనిషి పుట్టకముందే ఆత్మగా దేవుని దగ్గర ఉన్నాడని, చనిపోయాక మళ్ళీ శరీరం లేని ఆత్మగా బతుకుతాడని వాళ్ళ నమ్మకం. అయితే నేరుగా స్వర్గానికో నరకానికో వెళ్ళడు. మధ్యలో ఆత్మ లోకం ఉంది. పునరుత్థానం రోజున శరీరం తిరిగి వచ్చేదాకా అక్కడే ఉండాలి. నీతిగా బతికినవాళ్ళు ఉండే చోటు పరదైసు, విశ్రాంతి దొరికే స్థితి. సువార్త వినకుండా పోయినవాళ్ళు, విని కాదన్నవాళ్ళు ఉండే చోటు ఆత్మల చెర. చెర అన్నంత మాత్రాన శాశ్వత నరకం కాదు. అక్కడ బోధ వినొచ్చు, పశ్చాత్తాపపడొచ్చు, బయటికి రావొచ్చు. ఆ తర్వాత తీర్పు, మూడు అంతస్తుల మహిమ అని ఇంకా చాలా ఉంది కానీ, ఇవాళ దాని జోలికి వెళ్ళను.

ఆత్మ అంటే గాలి లాంటిది, ఆకారం లేనిది అని వాళ్ళు ఒప్పుకోరు. 1843లో జోసెఫ్ స్మిత్ చెప్పినదాని ప్రకారం ఆత్మ కూడా పదార్థమే, కాకపోతే మన కళ్ళకు ఆననంత సూక్ష్మమైనది. దానికి మనిషి రూపమే ఉంటుంది. స్వభావం కూడా మారదు. కోపిష్ఠి చచ్చిపోగానే సాధువైపోడు. బతికుండగా ఏ కోరికలు, ఏ అలవాట్లు ఉన్నాయో వాటితోనే అవతల అడుగుపెడతాడని, వాళ్ళు బైబిలుతో పాటు పవిత్రంగా చూసే మోర్మన్ గ్రంథం హెచ్చరిస్తుంది. ఈ మాట నాకు చాలా నిజాయితీగా కనిపిస్తుంది.

మరి ఆ లోకం ఎక్కడుంది? జోసెఫ్ తర్వాత సంఘాన్ని నడిపించిన బ్రిగమ్ యంగ్ జవాబు: ఇక్కడే, ఈ భూమి మీదే. దేవుడు మన కళ్ళ పొర తీస్తే, ఎదురుగా ఉన్న మనుషుల్ని చూసినంత స్పష్టంగా వాళ్ళనీ చూడగలం అని ఆయన చెప్పేవాడు. అందుకే వాళ్ళ మాటల్లో 'తెర' అన్న పదం ఎక్కువగా వినిపిస్తుంది. పోయినవాళ్ళు తెర అవతల ఉన్నారంటారు. ఆ తెర కొన్ని చోట్ల, కొన్ని వేళల్లో పల్చబడుతుందంటారు. అలాగని మంత్రగాళ్ళతో ఆత్మల్ని పిలిపించడం, సోది చెప్పించుకోవడం లాంటివాటిని వాళ్ళు ఒప్పుకోరు. పూర్వీకుల్ని పూజించరు కూడా.

జెడిడయా గ్రాంట్ అనే నాయకుడి కథ చెప్పకుండా ముందుకు వెళ్ళలేను. ఇల్లినాయ్ నుంచి 1846లో తరిమివేతకు గురైన మోర్మన్లు, 1847లో బండ్లు కట్టుకుని పడమటికి వందల మైళ్ళు ప్రయాణించారు. ఆ దారిలో గ్రాంట్ పసికూతురు మార్గరెట్ చనిపోయింది. మైదానంలోనే పాతిపెట్టారు. తర్వాత కొద్ది రోజులకే భార్య కెరొలైన్ కూడా పోయింది. ఆ పసిబిడ్డ సమాధిని తోడేళ్ళు తవ్వేశాయి. తొమ్మిదేళ్ళు గడిచాయి. 1856లో గ్రాంట్ తానే మరణశయ్య మీద ఉన్నాడు. రెండు రాత్రులు తాను ఆత్మ లోకానికి వెళ్ళి వచ్చానని స్నేహితుడు హీబర్ కింబల్‌తో చెప్పాడు. అక్కడ అంతా క్రమపద్ధతిలో ఉందట. మనుషులు కుటుంబాలు కుటుంబాలుగా ఉన్నారట. రకరకాల రంగుల పూలు ఉన్నాయట. అందరికన్నా ముందు ఎదురొచ్చింది కెరొలైన్. చేతుల్లో బిడ్డ. ఇదిగో మన మార్గరెట్, తోడేళ్ళు దీన్ని తినేశాయని నీకు తెలుసు కదా, దీనికేమీ కాలేదు, చక్కగా ఉంది అని చెప్పిందట. కింబల్ ఈ సంగతి గ్రాంట్ అంత్యక్రియల్లో అందరికీ చెప్పాడు.

ఇది నిజంగా జరిగిందా అని నన్ను అడగకండి. తొమ్మిదేళ్ళ పాటు ఆ తండ్రి కళ్ళు మూసుకున్నప్పుడల్లా ఏం కనిపించి ఉంటుందో ఊహించుకుంటే చాలు. ఆ నమ్మకం ఎవరికి కావలసి వచ్చిందో తెలుస్తుంది.

ఇక ఆల్విన్ దగ్గరికి వద్దాం. 1836 జనవరి 21. ఒహాయోలోని కర్ట్‌లాండ్‌లో మోర్మన్ల మొదటి దేవాలయం పూర్తి కావస్తోంది. అక్కడ జోసెఫ్ స్మిత్‌కు ఒక దర్శనం కలిగింది. దేవుని రాజ్యంలో ఆల్విన్ ఉన్నాడు. జోసెఫ్ ఆశ్చర్యపోయాడు. బాప్తిస్మం లేకుండా పోయినవాడు అక్కడికి ఎలా వచ్చాడు? సువార్త తెలియకుండా చనిపోయినా, తెలిసి ఉంటే మనస్ఫూర్తిగా ఒప్పుకునేవాళ్ళందరూ ఆ రాజ్యానికి వారసులే అని స్వరం వినిపించిందని ఆయన చెప్పాడు. ఊహ తెలియకముందే పోయిన పసిపిల్లలందరూ అక్కడే ఉంటారని కూడా. జోసెఫ్, ఆయన భార్య ఎమ్మా అప్పటికే కొందరు పిల్లల్ని పోగొట్టుకున్నారు. ఆ మాట వాళ్ళకు ఎంత ఊరటో చెప్పక్కర్లేదు.

అయినా చిక్కు తీరలేదు. బాప్తిస్మం తప్పనిసరి అని బైబిలు చెబుతోంది. ఆత్మకు శరీరం లేదు. శరీరం లేనివాళ్ళని నీళ్ళలో ముంచడం ఎలా?

1840 ఆగస్టు 15న ఇల్లినాయ్‌లోని నావూలో సీమోర్ బ్రన్సన్ అనే ఆయన అంత్యక్రియలు జరుగుతున్నాయి. జనంలో ఒక విధవరాలు కనిపించింది. ఆమె కొడుకు బాప్తిస్మం లేకుండా చనిపోయాడు. పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో, 15వ అధ్యాయంలో, 'మృతుల కొరకు' బాప్తిస్మం పొందేవాళ్ళ ప్రస్తావన ఒక్క చోట వస్తుంది. జోసెఫ్ స్మిత్ ఆ వచనం తీసుకుని, పోయినవాళ్ళ తరఫున బతికున్నవాళ్ళు బాప్తిస్మం తీసుకోవచ్చని ఆ రోజు ప్రకటించాడు. జేన్ నేమన్ అనే తల్లి కొద్దివారాల్లోనే మిసిసిపీ నదిలోకి దిగి, చనిపోయిన తన కొడుకు సైరస్ కోసం మునిగింది. పద్ధతులు, పత్రాలు, సాక్షులు అన్నీ తర్వాత వచ్చాయి. ముందు ఆ తల్లి నీళ్ళలోకి దిగింది.

ఇప్పుడు ఇది దేవాలయాల్లో మాత్రమే జరుగుతుంది. పన్నెండు ఎద్దుల బొమ్మల వీపుల మీద నిలిపిన పెద్ద నీళ్ళతొట్టి ఉంటుంది. సొలొమోను ఆలయంలో ఉండేదని బైబిలు వర్ణించిన 'ఇత్తడి సముద్రం' అనే పెద్ద తొట్టి దానికి నమూనా. తెల్లబట్టలు వేసుకున్న పిల్లలు, పదకొండు పన్నెండేళ్ళ వాళ్ళు కూడా, ఒక్కొక్కరుగా దిగుతారు. ఆడవాళ్ళ తరఫున ఆడపిల్లలు, మగవాళ్ళ తరఫున మగపిల్లలు. పోయిన మనిషి పేరు చదివి, ఆ పేరు మీద నిలువెల్లా ముంచుతారు. జుట్టు కొస నీటి పైన తేలినా మళ్ళీ ముంచాల్సిందే. తర్వాత భార్యాభర్తల్ని, తల్లిదండ్రుల్ని, పిల్లల్ని శాశ్వతంగా కలిపి ముడివేసే విధి కూడా అలాగే ప్రతినిధుల ద్వారా జరుగుతుంది.

ఒక విషయం జాగ్రత్తగా వినండి, ఇక్కడే చాలామంది పొరబడతారు. ఇలా చేసినంత మాత్రాన పోయినవాళ్ళు మోర్మన్లు అయిపోయారని వాళ్ళు అనరు. సంఘ సభ్యుల లెక్కలో ఆ పేర్లు చేర్చరు. అవతల ఆ ఆత్మకు స్వేచ్ఛ ఉంది. ఒప్పుకోవచ్చు, వద్దనొచ్చు. తలుపు తాళం తీసి పెట్టడమే తమ పని అంటారు.

దీనికి కావలసింది పేరు. పేరు తెలియనివాళ్ళకు ఈ పని చేయలేరు. అందుకే 1894లో సాల్ట్ లేక్ సిటీలో వంశవృక్షాల సంఘం ఒకటి పెట్టారు. 1938 నుంచి దేశదేశాల జనన మరణాల రిజిస్టర్లను, చర్చి పుస్తకాలను మైక్రోఫిల్ముల మీదికి ఎక్కించారు. ఊరి దగ్గర్లో లిటిల్ కాటన్‌వుడ్ లోయలో గ్రానైట్ కొండని తొలిచి, సుమారు 24 లక్షల ఫిల్ము చుట్టలను లోపల దాచారు. ఆ ఫిల్ములన్నిటినీ డిజిటల్ చేసే పని 2021లో పూర్తయింది. ఫ్యామిలీసెర్చ్ అనే సైటులో ఏ మతం వాళ్ళైనా డబ్బు కట్టకుండా వెతుక్కోవచ్చు.

ఆ ఫిల్ముల్లో మనవాళ్ళూ ఉన్నారు. హరిద్వార్‌లో పండాలు తరతరాలుగా రాసుకొస్తున్న బహీలు, అంటే యాత్రకు వచ్చినవాళ్ళ కుటుంబాల చిట్టాలు, వాటిని కూడా ఆ వంశవృక్షాల సంఘం వాళ్ళు ఫిల్ము తీసుకున్నారు. ఆ సంగతి మొదటిసారి చదివినప్పుడు నేను చాలాసేపు ఆగిపోయాను. మా ఇంట్లో తద్దినం పెట్టేటప్పుడు పురోహితుడు మూడు తరాల పేర్లు అడుగుతారు. తండ్రి, తాత, ముత్తాత పేర్లు చెప్పగలను. మా నాయనమ్మ వాళ్ళమ్మ పేరు అడిగితే నాకు తెలియదు. ఇంట్లో ఎవరికీ తెలియదు. ఒక మనిషి నిండు జీవితం బతికి, పిల్లల్ని కని పెంచి, పేరు కూడా మిగలకుండా పోయింది. తర్పణానికి, ఈ ప్రతినిధి బాప్తిస్మానికి సిద్ధాంతంలో చాలా తేడా ఉంది, రెండూ ఒకటే అని నేను అనను. కానీ పోయినవాళ్ళని పేరు పెట్టి పిలవాలి, వాళ్ళకు మన చేతి మీదుగా ఏదో అందాలి అన్న ఆరాటం మనకు పరాయిది కాదు.

ఈ పేర్ల పిచ్చి వాళ్ళని పెద్ద తప్పులోకి కూడా లాగింది. నాజీలు చంపిన యూదుల పేర్లను కొందరు సభ్యులు జాబితాల్లోంచి తెచ్చి బాప్తిస్మాలు చేయించారు. యూదుడైనందుకే చంపబడిన మనిషికి, చచ్చాక క్రైస్తవ విధి చేయడం ఆ కుటుంబాలకు ఎంత బాధ! యూదు సంఘాలు నిలదీశాయి. 1995లో ఒప్పందం కుదిరి లక్షల పేర్లు తీసేశారు. అయినా అలాంటి పేర్లు మళ్ళీ మళ్ళీ బయటపడ్డాయి. 2012లో గాంధీగారి పేరు మీద కూడా ఈ విధి జరిగిందని వార్తలు వచ్చాయి. సొంత పూర్వీకుల పేర్లే ఇవ్వాలని సంఘం నాయకత్వం ఆ ఏడాది గట్టిగా చెప్పింది. గత 110 ఏళ్ళలో పుట్టినవాళ్ళయితే దగ్గరి బంధువుల అనుమతి తీసుకోవాలి. ఈ విషయంలో నేను పూర్తిగా యూదుల పక్షాన ఉన్నాను. ప్రేమతో చేశామన్నా సరే, ఎదుటివాళ్ళ చావు మనది కాదు.

తెలుగు నేలకూ ఈ కథతో చుట్టరికం ఉంది. సమోవాలో ఉద్యోగం చేస్తూ ఆ సంఘంలో చేరిన ఎడ్విన్ ధర్మరాజు, ఎల్సీ దంపతులు 1978 చివర్లో హైదరాబాదు వచ్చి తమ బంధువులకు బోధించారు. ఇరవైమందికి పైగా బాప్తిస్మం తీసుకున్నారు. మోర్మన్ గ్రంథం తెలుగులోకి వచ్చింది. భారతదేశంలో వాళ్ళ మొట్టమొదటి స్టేక్, అంటే కొన్ని సంఘాలను కలిపిన పెద్ద విభాగం, 2012లో హైదరాబాదులోనే ఏర్పడింది. దేశంలో మొదటి దేవాలయం కోసం 2020 డిసెంబరులో బెంగళూరులో భూమిపూజ లాంటి కార్యక్రమం చేశారు. దేశంలో దేవాలయం లేనన్నాళ్ళూ ఇక్కడి సభ్యులు తమ తాతముత్తాతల పేర్లు పట్టుకుని విదేశాల్లోని దేవాలయాలకు విమానం ఎక్కాల్సి వచ్చేది.

చివరగా 1918. మొదటి ప్రపంచ యుద్ధం ఇంకా ముగియలేదు, ఇన్‌ఫ్లూయెంజా ఊళ్ళకు ఊళ్ళనే ఊడ్చేస్తోంది. సంఘాధ్యక్షుడు జోసెఫ్ ఎఫ్. స్మిత్ (సంఘాన్ని స్థాపించిన జోసెఫ్ స్మిత్ వేరు, ఈయన వేరు) వయసు 79. ఆ ఏడాది జనవరిలో పెద్దకొడుకు హైరమ్ అపెండిసైటిస్‌తో పోయాడు. సెప్టెంబరులో కోడలూ పోయింది. ఆయన అయిదు నెలలుగా గది దాటి బయటికి రావడం లేదు. అక్టోబరు 3న బైబిలు తెరిచి, క్రీస్తు చెరలో ఉన్న ఆత్మలకు ప్రకటించాడన్న పేతురు వచనాలు చదువుతూ కూర్చున్నాడు. అప్పుడు చచ్చిపోయినవాళ్ళ సమూహాలు కనిపించాయని ఆయన చెప్పాడు. క్రీస్తు తానే చెర దాకా వెళ్ళలేదు. నీతిమంతుల్లోంచి దూతల్ని ఏర్పాటు చేసి పంపాడు. అక్కడ ఆదాముతో పాటు హవ్వ, ఆమె కుమార్తెలు కూడా ఉన్నారు. శరీరం లేకుండా ఇన్నాళ్ళు ఉండడం ఆ ఆత్మలకు ఒక బంధనంలా ఉందట. పరదైసులో ఉన్నవాళ్ళకు కూడా! ఆత్మే గొప్ప, దేహం వట్టి సంకెల అని వింటూ పెరిగిన మనకు ఇది తలకిందులుగా వినిపిస్తుంది. పిల్లవాణ్ణి ఎత్తుకోవడానికి చేతులు ఉండాలి కదా అని నేను అర్థం చేసుకున్నాను.

ఆ దర్శనాన్ని ఆయన చెబుతుంటే కొడుకు రాసుకున్నాడు. తర్వాత అది వాళ్ళ పవిత్ర గ్రంథాల్లో చేరింది. ఆయన మాత్రం అదే ఏడాది నవంబరు 19న చనిపోయాడు. ఆల్విన్ పోయిన తేదీ అది, సరిగ్గా 95 ఏళ్ళ తర్వాత. ఇన్‌ఫ్లూయెంజా వల్ల బహిరంగంగా అంత్యక్రియలు జరపలేదు.

ఆయన ఆ దర్శనంలో చూశానని చెప్పినవాళ్ళలో ఒకరు జోసెఫ్ స్మిత్ అన్న హైరమ్. 1844 జూన్ 27న కార్తేజ్ జైలులో ఒక మూక చేతిలో తమ్ముడితో పాటు కాల్పుల్లో చనిపోయినవాడు. ఆ హైరమ్ కొడుకే ఈ వృద్ధుడు. తండ్రి పోయేనాటికి తనకు అయిదేళ్ళు.