చికిత్స అయిపోయింది, మరి ఈ భయమెందుకు?

(దృశ్యం: విశాఖ ఆర్కే బీచ్, ఉదయం ఆరు గంటలు. బల్ల మీద తలకు స్కార్ఫు కట్టుకున్న ఒక మహిళ. ఒళ్లో రిపోర్టుల కవరు.)

వ్యాఖ్యానం:
అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రిలో ఆఖరి కీమో చేయించుకుని ఇంటికొచ్చారనుకోండి. "గండం గడిచింది, ఇక సింహాచలం వెళ్లి మొక్కు తీర్చుకో" అంటారు చుట్టాలు. తీరా ఆ వారంలోనే ఏడుపు తన్నుకొస్తుంది. కృతఘ్నతేమోనని సిగ్గుపడతారు కూడా. కాదండీ. ఇన్నాళ్లూ రక్తపరీక్ష, సెలైను, వాంతులు, మళ్లీ తేదీ... భయపడే తీరిక ఎక్కడిది? అది ఇప్పుడు దొరికింది.

(దృశ్యం: గోడ క్యాలెండరు. ఒక తేదీ చుట్టూ ఎర్ర సిరా.)

చాలా రకాల క్యాన్సర్లకు మొదటి రెండు మూడేళ్లు కొన్ని నెలలకోసారి పరీక్షలుంటాయి. ఆ తేదీ దగ్గరపడేకొద్దీ నిద్ర పట్టదు. బిందె ఎత్తితే వచ్చిన నడుంనొప్పి కూడా "తిరగబెట్టిందేమో" అనిపిస్తుంది. దీనికి ధైర్యవచనాలకంటే ఒక కాగితం మేలు. ఏ లక్షణం కనిపిస్తే వెంటనే రావాలో, దేనికి కొన్నాళ్లు ఆగవచ్చో డాక్టరునే అడిగి రాసుకోండి. ఫ్రిజ్ మీద అంటించకండి, వచ్చినవాళ్లంతా చదువుతారు. బీరువా తలుపు లోపలివైపు చాలు.

అలసట సంగతి వేరు. ఎంత పడుకున్నా తీరదు. డాక్టరు సరేనంటే కాళీమాత గుడి నుంచి కురుసుర జలాంతర్గామి వైపు మెల్లగా నడవండి, ఓపిక ఉన్నంతవరకే. వ్యాయామం ఈ అలసటను తగ్గిస్తుందని పరిశోధనల్లో తేలింది. పోపుడబ్బా తీసి, ఎందుకు తీశామో మరచిపోవడం కూడా కీమో తర్వాత మామూలే.

(దృశ్యం: 0 నుంచి 10 వరకు అంకెలున్న థర్మామీటరు బొమ్మ.)

క్యాన్సర్ వైద్యంలో మనోవేదననూ ఇలా కొలుస్తారు: 0 అంటే ఏమీ లేదు, 10 అంటే భరించలేనంత. ఈ వారం మీ అంకె ఎంత? 4 గానీ, అంతకుమించి గానీ అయితే డాక్టరుకు చెప్పండి. అర్ధరాత్రి గుండె బరువెక్కితే ఫోన్ చేయడానికి 14416 ఉంది. 2022లో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ అది. ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

ఇంట్లోవాళ్లకు ఒక మాట. "ఏమీ కాదులే" అనగానే ఎదుటిమనిషి నోరు మూతపడుతుంది.

(దృశ్యం: భర్త వచ్చి పక్కన కూర్చుంటాడు. కవరు తన చేతిలోకి తీసుకుంటాడు.)

భర్త: భయంగా ఉందా?
భార్య: ఉందండీ.
భర్త: నాకూ ఉంది. స్కాన్ అయ్యాక టిఫిన్ ఎక్కడ చేద్దాం?