దొరికిపోయిన అటాక్ చేసే పని

అందరికీ నమస్కారం. కొండదారుల్లో జరిగే సైకిల్ రేసుల గురించి మాట్లాడమని పిలిచారు. టూర్ ద ఫ్రాన్స్‌ని ఏటా చూసేవాళ్ళు ఈ హాల్లో కొందరున్నారు. పేరు మాత్రమే విన్నవాళ్ళు ఇంకా ఎక్కువమంది ఉన్నారు. అందుకని ముందు రెండు ముక్కల్లో రూల్స్ చెప్పేసి కథలోకి వెళ్తాను.

మూడు వారాలు, 21 స్టేజీలు. రోజూ ఎవరికి ఎంత టైం పట్టిందో కలుపుకుంటూ పోతారు. మొత్తం టైం ఎవరిది తక్కువైతే వాళ్ళకి పసుపు జెర్సీ. జట్టుకి ఎనిమిది మంది ఉంటారు కానీ ఆ జెర్సీ మీద ఆశ పెట్టుకునేది ఒక్కడు, మహా అయితే ఇద్దరు. మిగతావాళ్ళ పని అతనికి గాలి తగలకుండా ముందు తొక్కడం, నీళ్ళ బాటిళ్ళు తెచ్చివ్వడం, అవసరమైతే తమ సైకిల్ అతనికిచ్చేసి రోడ్డు పక్కన నిలబడటం. చదును రోడ్డు మీద ముందువాడి వెనక చక్రాన్ని అంటిపెట్టుకుంటే శ్రమ మూడో వంతు దాకా తగ్గుతుంది. నిటారు కొండ మీద ఆ సుఖం లేదు. అక్కడ వేగమే తక్కువ కాబట్టి గాలి పెద్దగా అడ్డం రాదు, ఎవరి బరువు వాళ్ళే మోసుకోవాలి. నిమిషాల్లో తేడాలు వచ్చేది అందుకే కొండల్లో.

చివరి కొండ మీద ఒకడు దూసుకుపోయి నిమిషం సంపాదిస్తాడు, టీవీలో మళ్ళీ మళ్ళీ అదే చూపిస్తారు. దానికి రెండు గంటల ముందు ఇంకెవరో అటాక్ చేసి, అంటే ఉన్నట్టుండి వేగం పెంచి పక్కవాళ్ళని వదిలించుకోవాలని చూసి, వంద మీటర్లు పోకముందే వాళ్ళకి దొరికిపోయి ఉంటాడు. అది హైలైట్స్‌లో కనిపించదు. ఎక్కువసార్లు రేసుని తేల్చేది మాత్రం అదేనని నా అభిప్రాయం.

అసలు కథ 2022 జూలై 13ది. అయితే దాని వేర్లు 2020లో ఉన్నాయి. ఆ ఏడాది జంబో-విస్మా జట్టు తమ నాయకుడు ప్రిమోజ్ రోగ్లిచ్ కోసం ప్రతి కొండా ఒకే పద్ధతిలో ఎక్కింది. జట్టంతా వరసగా ముందు నిలబడి, ఎవరికీ అటాక్ చేసే సందు ఇవ్వకుండా గట్టి వేగంతో తొక్కడం, అంతే. చూడ్డానికి ముచ్చటగా ఉండేది. ఆ వరస వెనకే 21 ఏళ్ళ తడేయ్ పొగాచర్ కూడా హాయిగా కొండలన్నీ ఎక్కేశాడు. చివరి రోజుకి ముందురోజు, ఒక్కొక్కరూ విడివిడిగా తొక్కే టైం ట్రయల్‌లో, ప్లాంష్ దె బెల్ ఫీయ్ కొండ మీద రోగ్లిచ్‌కున్న 57 సెకన్ల లీడ్ పోయింది. హెల్మెట్ పక్కకు ఒరిగిపోయి రోగ్లిచ్ అక్కడ తొక్కిన తీరు చూసినవాళ్ళు మర్చిపోలేరు. పొగాచర్ 59 సెకన్ల తేడాతో టూర్ గెలిచాడు. అతనూ రోగ్లిచ్ దేశస్థుడే, స్లొవేనియా. 2021లోనూ పొగాచరే. రెండో స్థానంలో జంబో జట్టుకే చెందిన డెన్మార్క్ కుర్రాడు యోనాస్ వింగెగార్డ్.

ఒకే వేగంతో తొక్కితే పొగాచర్ అలిసిపోడని జంబోకి రెండేళ్ళలో బాగానే బోధపడింది. అతన్ని అలిసిపోయేలా చేయాలంటే అతనే తన శక్తిని ఎక్కువగా ఖర్చు పెట్టుకోవాలి.

2022లో పదకొండో స్టేజీ. ఆల్బర్‌విల్ నుంచి కోల్ దు గ్రనాన్ దాకా సుమారు 152 కిలోమీటర్లు. దారిలో తెలెగ్రాఫ్ కొండ, వెంటనే 2,642 మీటర్ల గలిబియె, చివర్లో గ్రనాన్. ఈ గ్రనాన్ 11.3 కిలోమీటర్లు, సగటు వాలు 9.2 శాతం, పైన 2,413 మీటర్ల ఎత్తు. పొగాచర్ పసుపు జెర్సీలో ఉన్నాడు, వింగెగార్డ్ అతనికి 39 సెకన్లు వెనక. పొగాచర్ జట్టు యూఏఈకి కోవిడ్ దెబ్బ తగిలి ఇద్దరు ఇంటికి వెళ్ళిపోయారు. అతనితో కలిపి మిగిలింది ఆరుగురే.

జంబో మొదట చేసిన పని వౌట్ వాన్ ఆర్ట్‌ని రేసు మొదలవుతూనే ముందుకు తరిమేయడం. ఆ స్టేజీ గెలవమని కాదు. ముందు ఒక మనిషి ఉంటే, వెనక నుంచి నాయకుడు వచ్చి కలిసినప్పుడు లోయలో అతన్ని లాక్కెళ్ళడానికి పనికొస్తాడని.

గమ్యానికి ఇంకా అరవై కిలోమీటర్లకు పైనే ఉండగా, తెలెగ్రాఫ్ మీదే అటాక్‌లు మొదలుపెట్టారు. అంత ముందుగా నాయకుల మధ్య గొడవ మొదలవడం ఈ రోజుల్లో అరుదు. కాసేపట్లోనే పొగాచర్ చుట్టూ సొంతవాళ్ళు ఎవరూ లేరు. గలిబియె కింది భాగంలో అతను, రోగ్లిచ్, వింగెగార్డ్, వేరే జట్టు గెరైంట్ థామస్, నలుగురే. రోగ్లిచ్ అటాక్ చేస్తాడు, పొగాచర్ లేచి నిలబడి తొక్కి పట్టుకుంటాడు. పట్టుకున్న క్షణంలో అవతలి పక్క నుంచి వింగెగార్డ్ వెళ్తాడు, అతన్నీ పట్టుకుంటాడు. మళ్ళీ రోగ్లిచ్, మళ్ళీ వింగెగార్డ్. ఒక్క అటాక్‌కీ ఒక్క సెకను రాలేదు. లైవ్‌లో చూస్తూ నేను "ఇద్దరు కలిసి కూడా వీణ్ణి ఏం చేయలేకపోతున్నారే" అనుకున్నాను. మీలోనూ చాలామంది అలాగే అనుకుని ఉంటారు.

అప్పటికి మొత్తం టైంలో రోగ్లిచ్ దాదాపు మూడు నిమిషాలు వెనకబడి ఉన్నాడు. అయిదో స్టేజీలో పడి భుజం జారితే, ఒక ప్రేక్షకుడి కుర్చీలో కూర్చుని తనే దాన్ని లోపలికి నెట్టుకుని మళ్ళీ సైకిలెక్కిన మనిషి. టూర్ గెలిచే అవకాశం ఇక అతనికి లేనట్టే. కాబట్టి పొగాచర్‌కి కావలసింది చల్లగా ఆలోచించడమే: రోగ్లిచ్‌ని పోనివ్వాలి, వింగెగార్డ్ వెనక మాత్రం కూర్చోవాలి. పొగాచర్ స్వభావానికి అది పడదు. ఎవరు వెళ్ళినా వెంటపడతాడు. అంతటితో ఆగకుండా, గలిబియె పైభాగంలో తనే వేగం పెంచి వింగెగార్డ్ తప్ప అందర్నీ వదిలించేశాడు. జంబో ప్లాన్ కాళ్ళ మీద కంటే ఈ స్వభావం మీదే ఎక్కువగా నడిచింది. శక్తీ జీతం లాంటిదే. జీతం పడిన వారంలో వందా రెండొందలు ఎటు పోతున్నాయో ఎవరూ చూడరు, నెలాఖరున కదా తెలిసేది.

నెలాఖరు గ్రనాన్ మీద వచ్చింది. గలిబియె దిగాక లోయలో వాన్ ఆర్ట్ కాచుకుని ఉండి జట్టుని లాక్కొచ్చాడు. వెనకబడ్డవాళ్ళూ కొందరు వచ్చి కలిశారు. పొగాచర్‌కి తన జట్టు రఫాల్ మైకా దొరికాడు. గ్రనాన్ మొదట్లోనే రోగ్లిచ్ పని అయిపోయింది, వెనకబడ్డాడు. పైకి ఇంకా అయిదు కిలోమీటర్ల లోపు ఉందనగా వింగెగార్డ్ అటాక్ చేశాడు. ఈసారి పొగాచర్ లేవలేదు. సీటు మీద కూర్చునే ఉన్నాడు, జెర్సీ జిప్పు పూర్తిగా విప్పి ఉంది, పసుపు గుడ్డ రెండు పక్కలా ఎగురుతోంది. కాసేపటికి థామస్ దాటిపోయాడు, వేరే జట్ల గోదూ దాటిపోయాడు, ఆడమ్ యేట్స్ కూడా దాటిపోయాడు. వింగెగార్డ్ స్టేజీ గెలిచాడు, ఇంకో జట్టు కింతానా 59 సెకన్ల తర్వాత రెండోవాడు, పొగాచర్ 2 నిమిషాల 51 సెకన్ల తర్వాత ఏడోవాడు. పసుపు జెర్సీ చేతులు మారింది, మళ్ళీ వెనక్కి రాలేదు.

ఆ అటాక్‌ని కాళ్ళ బలం అని ఒక్క మాటలో తేల్చేస్తే రోగ్లిచ్‌కి అన్యాయం చేసినట్టే. గెలుపులో పావు వంతైనా అతనిది. కొన్ని రోజులకే గాయాలతో రేసు వదిలి వెళ్ళిపోయాడు.

ఇక్కడ కొంచెం పక్కదారి పడతాను. టూర్ అంతకుముందు గ్రనాన్ ఎక్కింది 1986లో. ఆ రోజు పసుపు జెర్సీ పోగొట్టుకున్నవాడు అయిదుసార్లు టూర్ గెలిచిన బెర్నార్ ఇనో. దాన్ని తీసుకున్నది అదే జట్టులోని గ్రెగ్ లెమాండ్. 1985లో తన గెలుపుకి సాయపడినందుకు, వచ్చే ఏడు నీకు సాయం చేస్తానని ఇనో మాటిచ్చాడు. తీరా 1986లో పిరనీస్ కొండల్లో తనే అటాక్ చేసి లెమాండ్ మీద నాలుగున్నర నిమిషాలకు పైగా సంపాదించాడు. మర్నాడు ఇంకోసారి ఒంటరిగా వెళ్ళి, శక్తి అయిపోయి దొరికిపోయాడు. ఆయన వివరణ ఏమిటంటే, నేను అటాక్ చేసింది లెమాండ్ ప్రత్యర్థుల్ని అలిసిపోయేలా చేయడానికే అని. లెమాండ్ నమ్మలేదు. నేనూ నమ్మను. తమాషా ఏమిటంటే ఆ వ్యూహం నిజంగానే పనిచేస్తుంది, దాని చాటున సొంత ఆశ దాచుకోవడానికి కూడా అంతే బాగా పనికొస్తుంది. గ్రనాన్ మర్నాడు ఆల్ప్ ద్యుయెజ్ మీద ఇద్దరూ చేతులు కలిపి గీత దాటారు. ఫొటో చూస్తే అన్నదమ్ముల్లా ఉంటారు.

పొగాచర్, వింగెగార్డ్‌ల వైరం అలాంటిది కాదు, చాలా శుభ్రమైనది. అదే 2022లో స్పాందెల్ కొండ దిగుతూ పొగాచర్ కంకర మీద జారి పడితే వింగెగార్డ్ ఆగాడు. పొగాచర్ వచ్చి చెయ్యి చాపాడు. ఆ తర్వాత ఓతాకామ్ కొండ మీద కనికరమేమీ లేదు. ముందే పంపించి ఉంచిన వాన్ ఆర్ట్ మళ్ళీ వేగం పెంచాడు, పొగాచర్ వెనకబడ్డాడు. టూర్ ముగిసిన పారిస్‌లో తేడా 2 నిమిషాల 43 సెకన్లు. 2023లోనూ వింగెగార్డే. 2024, 2025 పొగాచర్‌వి. 2025లో అదే ఓతాకామ్ మీద, యూఏఈ జట్టు కింద నుంచే ఊపిరాడనివ్వకుండా తొక్కితే, పొగాచర్ 2 నిమిషాల 10 సెకన్లు సంపాదించాడు. ఇప్పుడు వలలో పడేవాడు కాదు, వల వేసేవాడు.

చివరిగా ఒక్క అటాక్ గురించి చెప్తాను. 2023లో వుయెల్టా, అంటే స్పెయిన్‌లో టూర్ లాగే జరిగే మూడు వారాల రేసు. అక్కడి ఆంగ్లిరు కొండ. కొన్నిచోట్ల వాలు 20 శాతం దాటుతుంది. పసుపు జెర్సీకి బదులు అక్కడ ఇచ్చే ఎర్ర జెర్సీలో ఉన్నది జంబోలో ఎప్పుడూ ఇతరుల కోసం తొక్కే సెప్ కుస్. ఆ ఏడాది రోగ్లిచ్ ఇటలీ రేసు జిరో గెలిచినప్పుడూ, వింగెగార్డ్ టూర్ గెలిచినప్పుడూ పక్కనే ఉన్నవాడు. వేరే జట్ల ప్రత్యర్థులు దాదాపుగా వెనకబడిపోయారు. అప్పుడు రోగ్లిచ్, వింగెగార్డ్ ఇద్దరూ వేగం పెంచి సొంత నాయకుణ్ణి వదిలేసి వెళ్ళిపోయారు. కుస్‌కి ఆసరా అయింది వేరే జట్టు మనిషి, మికెల్ లాండా. పొగమంచులో అతని వెనక చక్రం పట్టుకుని 19 సెకన్లు ఆలస్యంగా పైకి చేరాడు. ఎర్ర జెర్సీ 8 సెకన్ల తేడాతో మిగిలింది.

ఎవరిని అలిసిపోయేలా చేయడానికి ఆ అటాక్ అని అడిగితే ఎవరి దగ్గరా సరైన జవాబు లేదు. పెద్ద గొడవయ్యాక తర్వాతి రోజుల్లో ఇద్దరూ కుస్‌ని కాచుకున్నారు. రేసు ముగిసిన మాడ్రిడ్‌లో కుస్ మొదటివాడు, వింగెగార్డ్ 17 సెకన్ల వెనక, రోగ్లిచ్ మూడోవాడు. ఆ సీజన్ అయ్యాక రోగ్లిచ్ జట్టు మారాడు.