రీడింగ్ రూములో కర్చీఫ్

స్వాతి: నమస్తే, మళ్ళీ వచ్చేశాం. ఈ వారం టాపిక్, క్యాంపస్‌లో చదువుకునే చోట్లు. లైబ్రరీ, క్యాంటీన్, చెట్ల కింద బెంచీలు, అన్నీ వరసగా చెబుతాం.

నరేష్: వరసగా అంట! బిర్యానీ ఎపిసోడ్‌లోనూ ఇదే అన్నావు.

స్వాతి: ఆ ఊసు ఎత్తకన్నా. ముందు ఓయూ, మన ఉస్మానియా యూనివర్సిటీ.

నరేష్: ఓయూ అంటే ఆర్ట్స్ కాలేజీ. 1939లో తెరిచారు. గులాబీ గ్రానైటు, బెల్జియం ఆర్కిటెక్టు జాస్పర్...

స్వాతి: అప్పుడే వచ్చేశాడు జాస్పర్! ఒకటి. వినేవాళ్లు లెక్క పెట్టుకోండి. అన్నా, నాకు రీడింగ్ రూముల సంగతి కావాలి. తలుపు తీయగానే ఉరికి, బల్ల మీద పుస్తకం పడేసి టిఫిన్‌కు పోతారు. ఆర్టీసీ బస్సులో కర్చీఫ్ వేసినట్టు.

నరేష్: అయితే?

స్వాతి: అయితే ఏంటి? ర్యాక్‌లోంచి పుస్తకం తీసుకున్న పీహెచ్‌డీ స్టూడెంట్‌కి కుర్చీ లేదు. ఇంటి నుంచి గ్రూప్స్ పుస్తకాలు మోసుకొచ్చినవాళ్లకు ఉంది.

నరేష్: చిక్కడపల్లి లైబ్రరీకి పోయి ఈ మాట అను చూద్దాం. అద్దె గదిలో నలుగురుంటే ఎక్కడ చదవాలి? వాళ్లకు కావలసింది కుర్చీ, ఫ్యాను, పక్కన చదివే ఇంకో మనిషి. ఒక్కడే కూర్చుంటే చేతిలోకి ఫోనొస్తుంది.

స్వాతి: సరే. టీకి పోయి గంటన్నర రానివాడి పుస్తకం జరపొచ్చా, లేదా?

నరేష్: టీ దగ్గర కూడా చదువే. కరెంట్ అఫైర్స్ సగం అక్కడే.

స్వాతి: జరపొచ్చా?

నరేష్: జరుపు. మూయకు మాత్రం. ఏ పేజీలో ఉన్నాడో పోతుంది.

స్వాతి: (నవ్వు) అబ్బో, ఎంత జాలి!

నరేష్: అదే ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీదయితే ఎవరూ కర్చీఫ్ వేసి చోటు ఆపుకోలేరు. 2009లో తెలంగాణ కోసం జనం చేరిందీ ఆ బిల్డింగ్ ముందే. జాస్పర్‌ను పెట్టుకోకముందు ఇద్దరిని విదేశాల్లో యూనివర్సిటీలు చూసి రమ్మని పంపారు తెలుసా?

స్వాతి: రెండు! ఇంక హెచ్‌సీయూ, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ. అక్కడ పిల్లలు చేరే చోట్లు షాప్‌కామ్, గోప్స్. టీ, వాదనలు, మళ్ళీ టీ. అయిపోయింది. వైజాగ్‌లో ఆంధ్రా యూనివర్సిటీ, వీఎస్ కృష్ణా లైబ్రరీ...

నరేష్: దాన్ని ఒక్క ముక్కలో తేలుస్తావా? వైజాగ్ వాళ్లు ఊరుకోరు.

స్వాతి: వాళ్లకు బీచ్ ఉంది, ఏమీ అనరు.

నరేష్: మా సీనియర్ ఒకాయన, వయసు పరిమితి దాటిపోయింది. అయినా రోజూ పొద్దున్నే రీడింగ్ రూముకు వస్తున్నాడు. ఇంట్లో చెప్పలేదు.

స్వాతి: ...ఏం చదువుతున్నాడు?

నరేష్: పేపరు. మొదటి పేజీ నుంచి చివరిదాకా. ఇప్పుడు పిల్లలకు డౌట్లు చెబుతున్నాడు. పాలిటీలో ఆయన్ను మించినవాళ్లు లేరు.

స్వాతి: ఫీజు తీసుకుంటాడా?

నరేష్: టీ. అదీ వాళ్లు బలవంతం చేస్తే. ఆ టీ బండి కూడా ఎక్కడుంటుందనుకున్నావు, ఆర్ట్స్ కాలేజీ నుంచి...

స్వాతి: మూడు! అన్నా, కింద ఆంటీ పిలుస్తున్నారు. బండి మళ్ళీ గేటుకు అడ్డం పెట్టావా?

నరేష్: నాది కాదు, నీదే. తాళం ఇటివ్వు...