జావా నుంచి ఏం తెచ్చుకోవాలి? వెనక్కి తిప్పి చూసి కొన్న వస్తువులపై నా సమీక్ష

వీక్షకులకు నమస్కారం. నా ముందు బల్ల మీద మీరు చూస్తున్నవన్నీ ఇండోనేషియాలోని జావా ద్వీపం నుంచి, ముఖ్యంగా యోగ్యకార్తా, సోలో నగరాల నుంచి నా పెట్టెలో వచ్చినవే. యోగ్యకార్తాను అక్కడివారు ముద్దుగా జోగ్జా అంటారు. ఊరెళ్లి వచ్చేటప్పుడు ఇంటికీ ఇరుగుపొరుగుకూ పట్టుకెళ్లే వాటిని వారు ‘ఒలే-ఒలే’ అంటారు. తిరుపతి వెళ్లినవారు లడ్డూ లేకుండా తిరిగివస్తే మనవాళ్లు ఎలా చూస్తారో, జోగ్జా వెళ్లినవారు తినుబండారాల పెట్టె లేకుండా వస్తే అక్కడివారూ అలాగే చూస్తారు. కాబట్టి ఈ కొనుగోలు అక్కడ కేవలం పర్యాటకుల కోసం పుట్టిన వ్యాపారం కాదు. ఏది కొన్నా ముందు దాని వెనుక వైపు తిప్పి చూడటం ఈ ప్రయాణంలో నాకు అలవాటైంది. ఆ అలవాటు ఎలా అయిందో బాటిక్ వస్త్రంతోనే చెబుతాను.

జోగ్జాలోని మాలియోబోరో వీధిలో మొదటి రోజు సాయంత్రం నన్ను ఎక్కించుకున్న సైకిల్ రిక్షా, అంటే అక్కడి బెచాక్, నేను అడగకుండానే ఒక దుకాణం ముందు ఆగింది. ఆ దుకాణం పేరు చెప్పను. చేత్తో గీసిన బాటిక్ అని చెప్పి అమ్మిన ఈ గోధుమరంగు గుడ్డను గదికి తెచ్చి దీపం కింద తిప్పి చూస్తే, ముందువైపు నిండుగా ఉన్న రంగు వెనుకవైపు వెలిసిపోయినట్టు కనిపించింది. అది మిల్లులో అచ్చుకొట్టిన గుడ్డ. ఎక్కించుకొచ్చిన బేరానికి బెచాక్ వారికి కొన్ని దుకాణాలు వాటా ఇస్తాయన్న సంగతి నాకు ఆ తరువాతే తెలిసింది.

అసలైన బాటిక్ ఎలా తయారవుతుందో తెలిస్తే ఈ పరీక్ష ఎందుకు పనికొస్తుందో అర్థమవుతుంది. చాంతింగ్ అనే చిన్న రాగి పరికరంలో కరిగిన మైనాన్ని పోసుకుని, దాని సన్నని ముక్కుతో నూలుగుడ్డ మీద గీతలు గీస్తారు. మైనం ఉన్నచోట రంగు ఎక్కదు. రంగులో ముంచి, మైనాన్ని వేడినీటిలో కరిగించి తీసి, మరో రంగు కావాలంటే మళ్లీ మొదటి నుంచి అదే పని చేస్తారు. గుడ్డ మొత్తం రంగులో మునుగుతుంది కనుక రెండు వైపులా రంగు దాదాపు సమానంగా ఉంటుంది. ఇలా చేత్తో గీసినది ‘తులిస్’. రాగి అచ్చుతో మైనాన్ని అద్దినది ‘చాప్’. మచిలీపట్నం, పెడన కలంకారీలో చెక్క అచ్చులతో రంగులను అద్దుతారు, ఇక్కడ రాగి అచ్చుతో రంగు ఎక్కకుండా ఆపే మైనాన్ని అద్దుతారు. రెండింటికీ ఉన్న తేడా అదే. ఒకప్పుడు మన కోరమాండల్ తీరపు వస్త్రాలు ఓడలెక్కి ఈ ద్వీపాలకే వెళ్లి సుగంధద్రవ్యాలకు మారకంగా చెల్లేవి కాబట్టి, ఈ పోలిక నేను పనిగట్టుకుని తెచ్చిపెట్టినదేమీ కాదు.

చాప్‌కీ తులిస్‌కీ తేడా మాత్రం వెనుకవైపు చూస్తే తెలియదు. దానికి ముందువైపే చూడాలి. ఇదిగో, ఈ చాప్ వస్త్రంలో ఒక పువ్వు రేకు కొస కొద్దిగా విరిగింది చూడండి. జానెడు దూరంలో అదే విరుపు మళ్లీ కనిపిస్తుంది, ఆపైన మళ్లీ కనిపిస్తుంది, ఎందుకంటే లోపం ఉన్నది అచ్చులో. ఈ రెండో వస్త్రం తులిస్. ఇందులో ఏ రెండు చుక్కలూ ఒకేలా లేవు, ఒకచోట మైనం బొట్టు జారిన మచ్చ కూడా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే కొత్త వస్త్రానికి సన్నగా మైనం వాసన వస్తుంది. తులిస్ తయారీకి వారాలు, కొన్నిసార్లు నెలలు పడుతుంది కనుక లక్ష రుపియాకు, అంటే మన డబ్బులో సుమారు ఐదారు వందల రూపాయలకు, తులిస్ అని ఎవరైనా ఇస్తే అది తులిస్ కాదని నిశ్చింతగా నమ్మవచ్చు. ఆ ధరకు మంచి చాప్ దొరికినా అది మీ అదృష్టమే. నా సలహా ఏమిటంటే, జోగ్జాలోని బెరింగ్‌హార్జో సంతలో లేదా సోలో నగరంలోని లవెయాన్ బాటిక్ పేటలో పగటి వెలుతురులో కొనండి. లవెయాన్‌లో కొన్ని ఇళ్లలో మైనం గీయడం మన కళ్ల ముందే జరుగుతుంది.

బాటిక్‌ను యునెస్కో 2009 అక్టోబరు 2న మానవజాతి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది. ఇండోనేషియాలో ఆ తేదీనే బాటిక్ దినోత్సవంగా జరుపుకుంటారు. నమూనాల విషయంలో ఒక జాగ్రత్త అవసరం. కత్తుల్లా ఏటవాలుగా సాగే ‘పరాంగ్’ నమూనా ఒకప్పుడు రాజవంశీకులకే ప్రత్యేకం. కాబట్టి జోగ్జా రాజప్రాసాదం చూడటానికి వెళ్లేటప్పుడు దాన్ని కట్టుకోకపోవడమే మర్యాద. నక్షత్రాలు చల్లినట్టుండే ‘త్రుంతుమ్’ నమూనాను పెళ్లిలో వధూవరుల తల్లిదండ్రులు ధరిస్తారు. మా వియ్యంకులకు నేను తెచ్చినది అదే. ఇక ఉతకడం గురించి ఒక్క మాట. బాటిక్‌ను అక్కడ ‘లెరాక్’ కాయల నురుగుతో ఉతుకుతారు. ఆ కాయలను చూడగానే నాకు నవ్వొచ్చింది, ఎందుకంటే అవి మన కుంకుడుకాయలకు స్వయానా దాయాదులు. పొడి సబ్బులు వద్దు, ఇంట్లో కుంకుడుకాయలు ఉంటే చాలు.

ఇప్పుడు తినుబండారాలకు వద్దాం. జోగ్జా పేరు చెప్పగానే అందరూ చెప్పేది బక్పియా. అరచేతిలో ఇమిడే ఈ గుండ్రటి బిళ్ల పైన పొరలుపొరలుగా పలచని పిండిపెంకు ఉంటుంది, లోపల పొట్టు తీసిన పెసరపప్పును పంచదారతో మెత్తగా రుబ్బిన ముద్ద ఉంటుంది. కొరికితే మన పూర్ణం బూరె లోపలి భాగాన్ని నూనెలో వేయకుండా పెనం మీద కాల్చినట్టు అనిపిస్తుంది, తీపి మాత్రం మన పూర్ణం కంటే తక్కువ. చైనా నుంచి వచ్చి స్థిరపడినవారి వంట ఇది. పేరులోని ‘బక్’ అంటే మాంసం, అది జావాలో పెసరపప్పుగా మారింది. పాథోక్ అనే పేట పేరుతో పెట్టెల మీద 25, 75 వంటి అంకెలు కనిపిస్తాయి. అవి మొదట్లో ఆ తయారీదారుల ఇంటి నంబర్లు, నాణ్యత గుర్తులు కావు. కాబట్టి పెద్ద అంకె ఉన్నది మంచిదేమోనని వెతకవద్దు.

ఇక్కడ కూడా పెట్టెను వెనక్కి తిప్పండి. ‘రసా’ అన్న మాట పక్కన రుచి పేరు ఉంటుంది, మన ‘రసం’ అన్న సంస్కృత పదమే అది. పెసరపప్పు కావాలంటే ‘కచాంగ్ హిజావు’ అని ఉండాలి. తేదీ చూడకుండా కొనకండి, ఎందుకంటే మెత్తని రకం కొద్ది రోజులకు మించి నిలవదు. కరకరలాడే పొడి రకం ఎక్కువ నిలుస్తుంది కానీ నాకైతే అది బిస్కెట్టులా అనిపించింది. శాకాహారులు మరికొన్ని మాటలు గుర్తుంచుకోవాలి. ‘ఆయామ్’ కోడి, ‘సాపి’ ఆవు, ‘ఉడాంగ్’ రొయ్య, ‘తెరాసి’ రొయ్యల ముద్ద. మన ఇళ్లలో గారాబంగా పిల్లవాణ్ణి పిలిచే ‘బాబి’ అన్న మాటకు అక్కడ పంది అని అర్థం. మా అబ్బాయిని సంతలో ఆ పేరుతో గట్టిగా పిలిచినప్పుడు తలలు తిప్పి చూసిన వారిని నేను ఇప్పటికీ మరచిపోలేదు.

గుడెగ్ విషయంలో ఈ మాటలు బాగా పనికొస్తాయి. లేత పనసకాయను కొబ్బరిపాలతో, తాటిబెల్లాన్ని పోలిన జావా బెల్లంతో గంటల తరబడి ఉడికించే ఈ కూరను చూస్తే గోదావరి జిల్లాలవారికి పనసపొట్టు కూర గుర్తుకొస్తుంది. అయితే ఆవ ఘాటును ఆశించి నోట్లో పెట్టుకున్నవారికి తియ్యదనం తగులుతుంది. నాకు మొదటి ముద్ద నచ్చలేదు, మూడో ముద్దకు నచ్చింది. విజిలాన్ వీధిలో దీన్ని మట్టికుండల్లోనూ వెదురు బుట్టల్లోనూ పెట్టి ఇస్తారు. చూడటానికి ముచ్చటగా ఉన్నా విమాన ప్రయాణానికి అవి పనికిరావు. డబ్బాలో మూసి అమ్మే గుడెగ్ నెలల తరబడి నిలుస్తుంది. కానీ దానితో పాటు ‘క్రెచెక్’ అనే పశువు చర్మపు వంటకం సాధారణంగా కలిసి ఉంటుంది. డబ్బా వెనుక చదవకుండా బంధువులకు పంచిపెడితే తరువాత ఇబ్బంది పడేది మీరే.

సోలో నగరపు ‘ఇంతిప్’ గురించి త్వరగా చెబుతాను. కుండ అడుగున అంటిన అన్నపు మాడును ఎండబెట్టి, నూనెలో వేయించి, పైన బెల్లం పాకం పోస్తారు. రుచి అద్భుతంగా ఉంటుంది కానీ పళ్లెమంత వెడల్పున ఉండి తాకితే విరుగుతుంది. నా పెట్టెలో చివరికి పొడి మాత్రమే మిగిలింది. పూర్తి మార్కులు మాత్రం ‘వెడాంగ్ ఉవుహ్’కు ఇస్తాను. జావా భాషలో ‘ఉవుహ్’ అంటే చెత్త. అల్లం, లవంగం ఆకులు, ఎర్రరంగు దిగే ‘సెచాంగ్’ చెక్క వంటివన్నీ పొట్లంలో కలిపి ఇస్తారు. మరిగించిన నీటిలో వేస్తే చూస్తుండగానే ఎర్రగా మారుతుంది. తేలికగా ఉంటుంది, చవక, పాడవదు. పునుగుపిల్లి తిని విసర్జించిన గింజలతో చేసే లువాక్ కాఫీని మాత్రం నేను కొనలేదు, కొనమని చెప్పను. పునుగుపిల్లులను బోనుల్లో పెట్టి కాఫీపండ్లు తినిపించే చోట్లు చాలా ఉన్నాయి.

చివరిగా తోలుబొమ్మ. ‘వాయాంగ్ కులిత్’ బొమ్మలను గేదె తోలుతో చెక్కి, రంగులు వేసి, కొమ్ముతో చేసిన పిడి అమరుస్తారు. మన నిమ్మలకుంట బొమ్మలు వెలుతురు దాటేంత పలుచగా ఉంటాయి, ఇవి మందంగా ఉండి నల్లని నీడ వేస్తాయి. భీముడు, అర్జునుడు మనకు తెలిసినవారే. కానీ నేను కొన్నది బొజ్జతో ఉన్న హాస్యపాత్ర సెమార్‌ను. మన బంగారక్కకూ కేతిగాడికీ ఉన్న చనువు ప్రేక్షకులతో ఇతనికీ ఉంది. అట్టముక్కతో చేసిన చవక బొమ్మకు ఒకవైపే రంగు ఉంటుంది, మంచి బొమ్మకు రెండు వైపులా చెక్కడమూ రంగూ కనిపిస్తాయి. జోగ్జాలోని కోటగెడె పేటలో వెండి నగలు కొంటే, వాటి వెనుక వెండి స్వచ్ఛతను తెలిపే 925 ముద్ర చూడండి. కరీంనగర్ వెండితీగ పని ఇంట్లో ఉన్నవారికి మాత్రం అది అంత కొత్తగా అనిపించదు.

కొనే క్రమం విషయంలో ఒక సూచన. బాటిక్‌ను, బొమ్మను మొదటి రోజుల్లోనే తీరిగ్గా చూసి తీసుకోండి. బక్పియాను బయలుదేరే రోజు ఉదయమే కొనండి. నేను మూడు రోజుల ముందు కొన్న పెట్టెలు కౌలాలంపూర్ మీదుగా హైదరాబాదు చేరేసరికి, తీయగానే ఒకదానిలో బూజు కనిపించింది. దాని వెనుక అచ్చువేసిన గడువు తేదీ అంతకు ముందు రోజుది.