సతాయించే సహోద్యోగి, క్యాలెండర్ మీద గీతలు

[దృశ్యం: ఒంగోలు బస్టాండ్, పొద్దున్నే. చీమకుర్తి బస్సు కదులుతోంది.]

నమస్కారమండీ. ఒకప్పుడు నేను రోజూ ఈ బస్సెక్కి చీమకుర్తి వెళ్ళేదాన్ని. మెరుపు చుక్కల నల్లరాయి, అదే గెలాక్సీ గ్రానైట్, కోసే ఒక ఫ్యాక్టరీలో లెక్కలు రాసే పని. పని కష్టం కాదు. పక్క టేబుల్ అన్నతోనే కష్టం. బిల్లులో ఒక్క అంకె తప్పు పడితే చాలు, లారీ డ్రైవర్ల ముందే, "ఏందమ్మా ఇది? నా సర్వీసులో ఇట్లాంటిది చూళ్ళేదు" అనేవాడు. బస్సు దిగేసరికే నాకు కడుపులో తిప్పేది.

[దృశ్యం: గోడ క్యాలెండర్ దగ్గరగా. అంచున పెన్సిల్ గీతలు.]

ఒకరోజు ఎదురు టేబుల్ అక్క అంది: "ఆయన 'నా సర్వీసులో' అన్నప్పుడల్లా ఒక గీత పెడదాం. సాయంత్రానికి ఎన్నవుతాయో దగ్గరగా చెప్పినవాళ్ళకి రెండోవాళ్ళు టీ తాగించాలి." మొదటిరోజు పదకొండు. నేను ఏడన్నాను, ఓడిపోయాను.

మర్నాడు ఆయన నోరు తెరవగానే నాకు గుండెదడ రాలేదు, చెయ్యి పెన్సిల్ కోసం వెతికింది. మనిషి అదే, మాట అదే. నాకు మాత్రం అది తిట్టు కాదు, ఎనిమిదో గీత!

[దృశ్యం: నవ్వుతున్న మనిషి బొమ్మ. ఛాతీ, పొట్ట మధ్య కండరం కదులుతోంది.]

టెన్షన్‌లో ఒంట్లోకి అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్లు దిగుతాయి. గుండె పరుగెడుతుంది, మెడ, భుజాలు బిగుసుకుంటాయి. గట్టిగా నవ్వితే ఊపిరి లోతుగా ఆడుతుంది, నవ్వు ఆగాక ఆ బిగువు సడలుతుంది.

అయితే నవ్వులన్నీ ఒకటి కావు. కెనడా సైకాలజిస్ట్ రాడ్ మార్టిన్, తోటి పరిశోధకులు 2003లో హాస్యాన్ని నాలుగు తీరులుగా చెప్పారు. నలుగురినీ దగ్గర చేసేది, కష్టంలో మన మనసును నిలబెట్టేది, ఎదుటివాళ్ళని పొడిచేది, పదిమంది మెప్పు కోసం మనల్ని మనమే కించపరుచుకునేది. మా గీతలు మొదటి రెండింటికీ చెందుతాయని నా నమ్మకం.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఒంటిమీద చెయ్యి వేసేవాణ్ణి, వెకిలి మాటలు మాట్లాడేవాణ్ణి నవ్వి వదిలేయొద్దు. పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద ఆడవాళ్ళ కోసం 2013 చట్టం ఉంది. పదిమంది, అంతకు మించి పనిచేసే చోట ఫిర్యాదు తీసుకునే కమిటీ ఉండి తీరాలి. రాతపూర్వకంగా ఇవ్వండి.

[దృశ్యం: భోజనాల వేళ. తెరిచిన క్యారియర్లు.]

మేమూ గీత దాటాం. ఒక మధ్యాహ్నం నేను ఆయన గొంతు అనుకరిస్తుంటే అందరూ పడీపడీ నవ్వారు. వెనక్కి తిరిగితే గుమ్మంలో ఆయన, చేతిలో క్యారియర్. ఏమీ అనకుండా వెళ్ళి లారీల దగ్గర ఒక్కడే కూర్చుని తిన్నాడు. ఆ వెన్ను నాకిప్పటికీ గుర్తే.

సాయంత్రం వెళ్ళి, "తప్పయిందన్నా" అన్నాను. గీతల సంగతీ చెప్పేశాను. డ్రైవర్ల ముందు అంటే నాకెంత బాధో కూడా చెప్పాను. రెండురోజులు మాటల్లేవు.

[దృశ్యం: టేబుల్ మీద మూడు టీ గ్లాసులు.]

మూడోరోజు మూడు టీలు తెప్పించాడు. నా బిల్లు చూసి, "ఏందమ్మా, నా సర్వీ..." అని ఆగిపోయి, క్యాలెండర్ వైపు చూశాడు. పెన్సిల్ ఆయనే అందించాడు.