చేప లేని నెల్లూరు చేపల పులుసు! నాన్‌వెజ్ ప్రియుడి వీగన్ హోటల్ రివ్యూ

నమస్తే అండి. ఆదివారం మటన్, వారం మధ్యలో చేపలు, పండగొస్తే నాటుకోడి. నా తిండి ఇదని ఈ ఛానల్ చూసేవాళ్లకు తెలుసు. ఈరోజు నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో ఒక చిన్న వీగన్ హోటల్‌కి వచ్చాను. బోర్డు మీకు స్క్రీన్ మీద కనిపిస్తోంది. మాంసం తినేవాడు ఇక్కడ డబ్బులు పెట్టి తింటే తృప్తిగా లేస్తాడా లేదా, నేను చూసేది అదొక్కటే.

ముందు తెలియనివాళ్ల కోసం ఒక్క మాట, వీగన్ అంటే జంతువుల నుంచి వచ్చేదేదీ వాడని తిండి. మన ప్యూర్ వెజ్ హోటళ్లలో నెయ్యి, పెరుగు, పనీర్ ఉంటాయి కదా, ఇక్కడ అవి కూడా ఉండవు. తేనె కూడా వాడరు. 1944లో ఇంగ్లండ్‌లో డొనాల్డ్ వాట్సన్, ఆయన మిత్రులు కొందరు కలిసి వీగన్ సొసైటీ పెట్టారు. ఈ పద్ధతికి ఆ పేరు అప్పుడే వచ్చింది. ఇక్కడ మాత్రం ఫారిన్ వాసనేమీ లేదు. నాలుగైదు టేబుళ్లు, అరిటాకు, మన ఊరి భోజనం.

మెనూలో "చేప లేని చేపల పులుసు" అని చూడగానే అదే ముందు ఆర్డర్ చెప్పాను. నెల్లూరులో కూర్చుని ఆ పేరు పెట్టడానికి చాలా ధైర్యం కావాలండి!

మట్టి చట్టిలో తెచ్చారు. దగ్గరగా చూడండి. పైన నువ్వుల నూనె ఎర్రగా తేలింది, పక్కన తొక్కతో మామిడికాయ ముక్కలు. చేప ముక్కల స్థానంలో అరటికాయ. ఏటవాలుగా, మందంగా కోసి, ఉప్పు, పసుపు, కారం పట్టించి, పెనం మీద రెండు వైపులా కాల్చి పులుసులో వేశారు. కాల్చకుండా వేస్తే ముద్దైపోతుంది. ఇక్కడ ముక్క చెదరలేదు, వేలితో నొక్కితే పొరలా విడిపోయింది.

రుచి ఎలా ఉందంటే, మొదటి ముద్దకే మెంతుల చేదు సన్నగా తగిలింది, వెనకే చింతపండు, ఆ తర్వాత మామిడికాయ పులుపు. పులుపు రెండు రకాలుగా రావడమే నెల్లూరు పులుసు గొప్పతనం. అది ఇక్కడ పక్కాగా ఉంది. వంట చేసే అక్కను అడిగితే, "రాత్రే కాచి ఉంచేస్తామన్నా, తెల్లారేసరికి ముక్కకి పులుసు పడుతుంది" అంది. మన ఇళ్లల్లో నిన్నటి చేపల పులుసు కోసం ఎందుకు పోటీ పడతామో ఈ అక్కకి బాగా తెలుసు.

లోటు లేదా అంటే, ఉంది. కొరమీను ఉడికినప్పుడు పులుసులోకి దిగే కొవ్వు, పెదాలకు అంటే ఆ సన్నటి జిగురు, ఇందులో రావు. కానీ అన్నంలో కలిపి తింటుంటే మాత్రం చెయ్యి ఆగలేదు. నా దృష్టిలో ఈ హోటల్‌కి వెళ్లాల్సింది దీనికోసమే.

బిర్యానీ దగ్గర నిరాశపడ్డాను. మటన్ ముక్కల బదులు సోయా చంక్స్ వేశారు. మాంసకృత్తుల లెక్కలో సోయాకి తిరుగులేదు, వంద గ్రాముల పొడి చంక్స్‌లో 50 గ్రాములకు పైనే ఉంటాయి. రుచి లెక్క వేరు. దమ్‌లో మటన్ తన కొవ్వు, ఎముక రసం అన్నానికి ఇస్తుంది. సోయా తిరిగి ఏమీ ఇవ్వదు, చుట్టూ ఉన్న మసాలానే తాగేస్తుంది. అందుకే ముక్క కారంగా, మెతుకు చప్పగా ఉంది. ఇంత మంచి పులుసు పెట్టే చెయ్యి మటన్‌ని అనుకరించాల్సిన పనేముంది? ఆ బిర్యానీలో పనసకాయో, గుత్తివంకాయో వేస్తే ఈ ఊరి జనం ఆనందంగా తింటారు. ఓనర్‌గారికి ఇది నేను మనస్ఫూర్తిగా చెప్తున్న మాట.

పుట్టగొడుగుల మిరియాల వేపుడు మాత్రం రెండోసారి తెప్పించుకున్నాను. మంట పెద్దది పెట్టి నీళ్లన్నీ ఇగరగొట్టారు, అంచులు ఎర్రగా కాలి కరకరలాడాయి. మాంసంలో మనకు నచ్చే ఆ కమ్మదనం గ్లుటమేట్ అనే పదార్థం వల్ల వస్తుంది, అది పుట్టగొడుగుల్లోనూ ఉంటుంది. నాన్‌వెజ్ తినేవాళ్లకు ఇది వెంటనే నచ్చుతుంది.

పెరుగు వేరుశనగ పాలతో చేశారు. గింజలు నానబెట్టి, రుబ్బి, వడగట్టి, కాచిన పాలలో మిరపకాయ తొడిమలు వేసి తోడుపెడతారట. ఉల్లిపాయ వేసిన రైతాలో తేడా తెలియలేదు. ఉత్తి పెరుగన్నంగా తింటే పల్లీల వాసన తెలుస్తుంది, కొంచెం పలచగా కూడా ఉంది. గడ్డ పెరుగు లేకపోతే భోజనం పూర్తికాదనుకునేవాళ్లు ముందే తెలుసుకుని వెళ్లండి.

ఇద్దరం కడుపునిండా తింటే ఆరువందల లోపే అయింది. ఈ రేటుకి ఇంత శ్రద్ధగా వండి పెట్టడం చిన్న విషయం కాదు. ఇంకొకటి, ఒక పూట తినడానికి ఏ టెన్షన్ అక్కర్లేదు కానీ పూర్తిగా వీగన్‌గా మారాలనుకుంటే మాత్రం బీ12 విటమిన్ గురించి డాక్టర్‌తో మాట్లాడండి, మొక్కల నుంచి అది మనకు సరిపడా దొరకదు.

పులుసు రోజుకి ఒక్క చట్టే పెడతారు. ఒంటిగంటన్నర దాటితే ఉండదు, అందుకే ముందే వెళ్లండి.